అక్క ఎదురొచ్చిన బండి

మా బావ చనిపోయాక ఆయన పెద్దబండి జనగామలో మా ఇంటి వెనక వాకిట్లో తాడిపత్రి పట్టా కప్పుకుని రెండు వానాకాలాలు నిలబడి ఉంది. పది మంది కూర్చునే పాత డీజిల్ బండి. జీపు కంటే పొడుగు, కారు కంటే బాగా ఎత్తు. ముసలివాళ్లు ఎక్కాలంటే కింద పీట వేయాలి. బావ దాన్ని జనగామ నుంచి తొర్రూరు దాకా మనుషులను ఎక్కించుకుని తిప్పేవాడు, పెళ్లిళ్ల కాలంలో కిరాయికి పోయేవాడు. ఆయన కామెర్లు ముదిరి దవాఖానలో పోయాడు. బండికీ ఆయన చావుకూ ఏ సంబంధమూ లేదు. ఇంత తేటగా ఉన్న సంగతిని ఎందుకు రాస్తున్నానంటే, మా వాడకట్టులో సగం మంది ఆ బండి అచ్చిరాలేదన్నారు, మిగతా సగం మంది మా అక్క అచ్చిరాలేదన్నారు. రెండో మాటను కొంచెం గొంతు తగ్గించి అన్నారు, అంతే తేడా.

అక్కకు పిల్లలు లేరు. నేనూ మా అవ్వా, అంటే మా అమ్మ, ఉండే పుట్టింటికి వచ్చేసింది. బండిని కూడా ఒక ట్రాక్టర్‌కు కట్టించి లాక్కొచ్చింది. చుట్టాలంతా అమ్మేయమన్నారు. తుక్కు కింద కొనడానికి ఒకాయన వచ్చి టైర్లను కాలితో తన్ని చూశాడు. అక్క ఆయనకు చాయ్ పోసి పంపించి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మేది లేదు తమ్మీ. నేనే నడుపుకొని బతుకుత."

"నీకు నడుపుడు వస్తదా?"

"నీకు రాజకీయాలు వస్తయా? అయినా రోజూ రాస్తలేవా?"

నేను అప్పటికి కాలేజీలో పాఠాలు చెప్తూ పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ణి. మా తరం వాదనలో పెరిగింది. సంఘ సంస్కరణను మేము పరీక్ష కోసం చదవలేదు, కొట్లాట కోసం చదివాం. శకునాల మీద, ముహూర్తాల మీద, మొగుడు పోయిన ఆడదాని గాజులు పగలగొట్టే తంతు మీద కాలేజీ వరండాలో గొంతులు పోయేదాకా మాట్లాడేవాళ్లం. బావ పోయిన పదో రోజున అక్క గాజుల కోసం వచ్చిన ఆడవాళ్లను నేను గేటు దగ్గరే ఆపాను. వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. గెలిచాననుకున్నాను. అది ఎంత చిన్న గెలుపో తెలియడానికి ఆ బండి కావలసి వచ్చింది.

తాడిపత్రి తీసిన రోజు లోపలి నుంచి ఎలుకలు దిగి పరుగెత్తాయి. సీట్ల స్పంజి పీకి గూళ్లు కట్టుకున్నాయి. కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పితే ఒక్క లైటు కూడా వెలగలేదు. పక్కింటి పెద్దాయన గోడ మీదుగా చూసి, "మీ బావ బండిని విడిచిపెడ్తలేడు బిడ్డా, ఏదన్న చేయించుండ్రి" అని నాకు సలహా ఇచ్చాడు. అక్క ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టింది. ఒక వైరును బండి బాడీకి ఆనించి, రెండోదాన్ని ఒక్కో తీగ మీద పెట్టుకుంటూ పోయింది. ఇది బావ దగ్గర చూసిన పని. బల్బు ఎక్కడ వెలగడం మానేసిందో అక్కడ ఎలుక పళ్ల గాట్లు ఉన్నాయి.

"దొరికిండు మీ బావ," అంది అక్క, గోడ అవతలికి వినపడేటట్టు.

తర్వాత ఇంజను అందుకునేది, కాసేపటికి దగ్గి ఆగిపోయేది. నేను పాత పుస్తకాల దుకాణంలో ఒక మెకానిక్ పుస్తకం సంపాదించి, డీజిల్ పంపు పోయిందని తేల్చాను. అక్క పంపు విప్పింది. పంపుకు ఏ రోగమూ లేదు. తిరిగి బిగించడానికి ఇద్దరికీ ఒక ఆదివారం పట్టింది. చివరికి చాసిస్ కింద ఒక రబ్బరు ట్యూబు పగిలి ఉంది. ఆ పగులులోంచి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. గాలి మింగిన ఇంజను ఆగిపోతుంది. జానెడు కొత్త ట్యూబు వేస్తే బండి కదం తొక్కింది. ఆ వాకిట్లో నాకు దొరికిన సుఖం అదే. ప్రతి తప్పుకూ ఒక చోటుంటుంది. వంగి చూస్తే కనపడుతుంది. వెతికినవాడు మోసపోడు.

అక్క చీర మీద బావ పాత చొక్కా తొడుక్కునేది, నాట్లకు పోయే ఆడవాళ్లు తొడుక్కున్నట్టు. వెనక చక్రాల కుదుపును మింగే కమాన్ పట్టీలు ఒక పక్కకు కుంగిపోయి ఉన్నాయి. వాటి బోల్టులు తుప్పుపట్టి కదలవు. కిరసనాయిలు పోసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నానబెట్టి, పానా పట్టుకుని నేను వేలాడితే, అక్క పైపు తొడిగి తొక్కేది. అవ్వ తలుపు దగ్గర కూర్చుని చూస్తూ, "మీ నాయిన బతికున్నప్పుడు ఇద్దరు కలిసి ఒక్క పని చేసిన ముఖాలా ఇవి?" అనేది. పట్టీలను సాపు చేయించి, ఒక పట్టీ కొత్తది కలిపి వేశాం. బ్రేకు డ్రమ్ములు విప్పి నునుపు చేయించాం. సీట్లకు కొత్త రెగ్జిను కుట్టింది అక్కే, ఇంట్లో కుట్టు మిషను మీద. అక్క పొట్టి మనిషి. డ్రైవరు సీటు కింద టేకు చెక్క వేసి బోల్టులతో బిగించాం. అప్పటికి గాని ఆమెకు బానెట్ అవతలి రోడ్డు కనపడలేదు.

అన్నీ అయ్యాక స్టీరింగు దగ్గర ఆగిపోయాం. ఆ పాతబండికి పవర్ స్టీరింగు లేదు. బావ భుజాలున్నవాడు కాబట్టి తిప్పాడు. బండి నిలబడి ఉన్నప్పుడు చక్రం తిప్పాలంటే అక్క సీట్లోంచి సగం లేచి రెండు చేతులతో వేలాడవలసి వచ్చేది. తొర్రూరు సంతరోజు, మనుషుల మధ్య, పది మందిని ఎక్కించుకుని అట్లా తిప్పలేదు. స్టీరింగు తేలికైతేనే ఆమెకు బతుకుదెరువు. కాకపోతే బండి మళ్లీ తాడిపత్రి కిందికే.

అదే కంపెనీ తర్వాత చేసిన బండ్లకు పవర్ స్టీరింగు వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు గనుల కాంట్రాక్టర్ల కింద తిరిగి అరిగిపోయిన బండ్లు తుక్కుకు వస్తాయని ఎవరో చెబితే ఇద్దరం బస్సులో పోయాం. ఊరంతా నల్లటి దుమ్ము. తుక్కు దుకాణంలో ముందు భాగం నుజ్జయిన బండి ఒకటి దొరికింది. పంపు, స్టీరింగు బాక్సు, పైపులు విప్పించుకున్నాం. అక్కడ చాయ్ తాగుతుంటే డ్యూటీ మారే వేళయింది. పనివాళ్లు గుంపులుగా వచ్చి ఏ బండి ముందుంటే ఆ బండిలో దూరిపోతున్నారు. ఎవరు నడుపుతున్నారని ఎవరూ చూడటం లేదు. అక్క చాయ్ చల్లారేదాకా అటే చూసింది.

తిరుగు బస్సులో గోనె సంచిలో మూటను చూసి కండక్టర్ ఆపాడు.

"ఏమున్నదక్కా అండ్ల?"

"స్టీరింగు."

"మా బస్సుకు ఒకటి ఉన్నది. నమ్మకం లేదా?"

"మీ డ్రైవరన్న నిద్రపోతె పనికొస్తదని తెచ్చిన."

బస్సంతా నవ్వింది. అక్క అట్లా నవ్వించిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి.

కొత్త పంపును మా ఇంజనుకు బిగించే ఇనప పట్టీ కుదరలేదు. వెల్డింగు చేయించి కొత్త పట్టీ వేస్తే, బెల్టు పుల్లీల మీద వంకరగా తిరిగి కుక్కపిల్లలా అరిచి జారిపోయేది. వాషర్లు ఒక్కొక్కటే కలుపుతూ పుల్లీని సూటిగా తెచ్చాం. చివర్లో పైపులు నేను బిగించాను. నూనె పోయే పైపునూ తిరిగి వచ్చే పైపునూ తారుమారు చేశాను. అక్క ఇంజను వేసి చక్రం తిప్పగానే ఒక పైపు ఊడి, వేడి నూనె పిచికారీలా నా తెల్లచొక్కా మీద పడింది. ఆ సాయంత్రం నేను ప్రత్యేక రాష్ట్రం కోసం వేసిన దీక్షా శిబిరంలో మాట్లాడవలసి ఉంది.

"మస్తున్నది తమ్మీ, సన్మానం చేసినట్టే ఉన్నది," అంది అక్క. "గట్లనే పో. నీ ఉపన్యాసం కంటె గిదే ఎక్కువ మంది చూస్తరు."

పైపులు మార్చి, ముందు చక్రాలు జాకీల మీద లేపి, నూనె పోస్తూ చక్రాన్ని ఆ కొసనుంచి ఈ కొసకు తిప్పి గాలంతా బయటికి పంపాం. కిందికి దించాక అక్క ఒక చేత్తో తిప్పింది. తర్వాత ఒక్క వేలుతో తిప్పింది.  దిగి వెళ్లి ముఖం కడుక్కుంది.

వేసవిలో పత్తి మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటుంది. బావ స్నేహితుడైన ఒక డ్రైవరన్న అక్కకు అక్కడ నేర్పాడు. యార్డు తర్వాత రఘునాథపల్లి రోడ్డు, తర్వాత తొర్రూరు. లైసెన్సు వచ్చింది. బండికి ఆకుపచ్చ రంగు వేయించింది.

అప్పటికి ఉద్యమం ఊరిని పూర్తిగా పట్టుకుంది. రోడ్డు మీద వంట చేసేవాళ్లు, రోడ్డు మీద పాఠం చెప్పేవాళ్లు. మా దీక్షా శిబిరంలో ప్రతి రోజూ ఒక కులం, ఒక వృత్తి కూర్చునేది. నేను మనస్ఫూర్తిగా అందులో ఉన్నాను, ఈ మాట మొదలే చెప్పాలి. మా మాటను సినిమాల్లో వెక్కిరించినవాళ్ల మీద, మా నీళ్లను లెక్కలు తప్పించి తీసుకుపోయినవాళ్ల మీద నాకు కోపం ఉండేది, ఇప్పటికీ ఉంది. రాష్ట్రం వస్తే మనిషి నిటారుగా నిలబడతాడని నమ్మాను. మా పట్టణ కమిటీ కన్వీనర్ నా కాలేజీ స్నేహితుడు. శకునాల మీద మేము చేసిన వాదాల్లో నా పక్కన నిలబడి నాకంటే గట్టిగా మాట్లాడినవాడు. పిల్లి ఎదురొస్తే పిల్లికే నష్టమని ఒక సభలో అంటే చప్పట్లు ఆగలేదు.

సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. మహబూబాబాద్‌లో పెద్ద సభ. జనగామ నుంచి పాటగాళ్లను, డప్పులవాళ్లను తీసుకుపోవాలి. మా బండి ముందు నడవాలని కమిటీ అనుకుంది. కన్వీనర్ ఇంటికొచ్చి అడిగాడు.

"బండి ఇస్తా. గని నేనే నడుపుత," అంది అక్క.

"నువ్వు నడిపితే ఇంక కావల్సిందేముందక్కా! పేపర్ల ఫోటో వస్తది."

ఆ వారమే అతను స్వయంగా బ్రష్ పట్టుకుని మా నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాశాడు. పోలీసులు పట్టుకుంటే ఎట్లా అని అవ్వ భయపడింది. "చట్టం మనం రాసుకునేది అవ్వా," అన్నాడు. ఆ మాటకు నేను కూడా పొంగిపోయాను.

బయలుదేరే పొద్దున వాడకట్టంతా మా గేటు ముందుంది. బానెట్‌కు పూలదండ. టైర్ల కింద నిమ్మకాయలు. నాకు ఒళ్లు మండింది గాని, నాలుగు నిమ్మకాయల కోసం సభ పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. పక్కింటామె పసుపు కుంకాల పళ్లెం, నీళ్ల చెంబు పట్టుకుని ఎదురు రావడానికి సిద్ధంగా ఉంది. మా దగ్గర ఏదైనా పెద్ద పని మీద పోయేటప్పుడు మొగుడున్న ఆడమనిషి ఎదురు వస్తే మంచిదంటారు. మొగుడు లేనిది కనపడకూడదంటారు. మా అవ్వ ఎవరూ చెప్పకముందే తలుపు వెనక్కి పోయింది. నాయిన పోయినప్పటి నుంచి ఎవరు బయలుదేరినా అట్లాగే పోతుంది. పదిమందికి శకునాలు లేవని చెప్పిన నేను పరీక్షకు బయలుదేరినా అంతే.

అక్క అప్పటికే డ్రైవరు సీట్లో ఉంది. డప్పులవాళ్లు వెనక ఎక్కి సర్దుకుంటున్నారు. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. కన్వీనర్ కాసేపు నలుగురితో మాట్లాడి, అక్క కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఒక్క మాట. ఇయ్యాల బండి మా బామ్మర్ది నడుపుతడు. నువ్వు వెనక కూసో."

"ఎందుకు?"

"దూరం గద."

"మొన్న తొర్రూరు పోయొచ్చిన. ఇంక ఎంత దూరమున్నదో చెప్పు."

"గట్ల కాదక్కా. గింత పెద్ద పని మీద పోతున్నం. జర..."

"జర ఏంది?"

అతను ఆ మాట పలకలేదు. పక్కింటామె పళ్లెం పట్టుకుని నిలబడి పలికింది: "ముండరాలు ముందట కూసుంటె పోయిన పని అయితదా అంటున్నరు బిడ్డా. నేనంటలేను."

ఆ పొద్దున నేను వెంటనే అక్కడున్న ఒక్కొక్కరి ముఖం పట్టుకుని అడిగాను, నువ్వన్నావా, నువ్వన్నావా అని. ఒక్కరూ అనలేదు. అందరూ 'అంటున్నరు' అన్నారు. మా భాషలో ఇంతకంటే పిరికి క్రియాపదం లేదు. చేసినవాడు ఉండడు, పని మాత్రం అయిపోతుంది.

"పిల్లి ఎదురొస్తే పిల్లికే నష్టమన్నది నువ్వు కాదా?" అని కన్వీనర్‌ను అందరి ముందే నిలదీశాను.

"నీ మాట కరక్టే భాయ్. నేను కాదంటలేను. గని ఇప్పుడు లొల్లి వద్దు. జనం మనతోనున్నరు, జనాన్ని నారాజు చేసుడెందుకు? ముందు రాష్ట్రం రానీ. వచ్చినంక గివన్ని మాట్లాడుకుందాం."

"నంబరు ప్లేటు మీద అక్షరం మార్చెతందుకు రాష్ట్రం వచ్చేదాంక ఆగినవా?"

"అదీ గిదీ ఒకటేనా?"

ఒకటి కాదు. నిజమే. ప్లేటు మీద అక్షరం మార్చితే కోపం వచ్చేది సర్కారుకు. రెండోది మార్చితే కోపం వచ్చేది పక్కింటామెకు. సర్కారును ఎదిరించడం తేలిక.

అవ్వ తలుపు వెనక నుంచి పిలిచింది: "లోపటికి రా బిడ్డా. బండి కదిలినంక వద్దువు. నేను నిలబడ్తలేనా?"

ఆ పిలుపు వినగానే అక్క దిగింది. లోపలికి పోతుందనే అందరూ దారి ఇచ్చారు. ఆమె బండి చుట్టూ తిరిగి వచ్చి, పళ్లెం పట్టుకున్నామెను పక్కకు జరిపి, బానెట్‌కు ఎదురుగా నిలబడింది.

"ఇగో, ఎదురొచ్చిన. ఇంక దాపెట్టేదేం లేదు. ఎక్కెటోళ్లు ఎక్కుండ్రి."

ఎక్కినవాళ్లు దిగడం మొదలుపెట్టారు. ఒకాయనకు కడుపు నొప్పి గుర్తొచ్చింది. ఒకాయన డప్పు కాచుకోవాలన్నాడు. పాటలు పాడే ఇద్దరు పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ దిగిపోయారు. చివరి వరకూ కూర్చున్నది ఒక పెద్ద వయసు డప్పు కళాకారుడు. అక్క దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"బిడ్డా, మా తాతలను గిట్లనే తొవ్వలకెల్లి పక్కకు జరుగుమన్నరు. నాకు తెల్వదా? గని నన్ను సభకు పిలిచేది ఆళ్లు. రేపు పిలువకపోతె నేనేడ కొట్టాలె?"

అతనూ దిగాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతణ్ణి అట్లా మాట్లాడించినవాళ్ల మీద ఇప్పటికీ తగ్గలేదు. కమిటీ ఒక ట్రాలీ ఆటోను పట్టుకొచ్చింది. నిమ్మకాయలు ఏరి దాని టైర్ల కింద పెట్టారు. పక్కింటామె దానికి ఎదురొచ్చింది.

అక్క మా బండిని బయటికి తీసింది. ముందు సీట్లో నేను. ఊరి చివర, బస్సులు లేక రోడ్డు మీద నిలబడ్డ ఒక తండా ముసలమ్మ చెయ్యెత్తింది. బిడ్డ మహబూబాబాద్ దవాఖానలో ఉందట. ఎక్కేముందు నేను, అక్క వద్దన్నా వినకుండా, జరిగిందంతా ఆమెకు చెప్పాను. ఆమె తన ఇంటి భాషలో ఏదో గొణుక్కుని, మహబూబాబాద్‌ను దాని పాత పేరుతో పిలుస్తూ తెలుగులో అడిగింది:

"బండి మానుకోట పోతదా, పోదా?"

"పోతదవ్వా."

"మరి జరుగు. కూసుంట."

తొర్రూరు దాటాక అక్క బాగా నడిపింది. సాపు చేయించిన పట్టీలు గుంతల మీద మెత్తగా లేచి పడ్డాయి. స్టీరింగు అనుకున్నట్టే పనిచేసింది. బండిలో వెతకడానికి ఒక్క తప్పు కూడా మిగల్లేదు. ముసలమ్మను దవాఖాన దగ్గర దించి సభకు పోతే, మా కన్వీనర్ మైకులో ఉన్నాడు. ఆడవాళ్లు ఇళ్లలోంచి బయటికి రావాలని, ఎదురు తిరగాలని చెప్తున్నాడు. జనం ఈలలు వేశారు. అక్క బండిలోనే కూర్చుని విన్నది.

"ఎదురు తిరిగితె చప్పట్లట. ఎదురొస్తె అరిష్టమట," అంది. "ఏ పక్కకు తిరిగి నిలబడాల్నో జర అడిగి రాపో."

సభ ముగిసింది గాని ఆ పొద్దున ముగియలేదు. అక్క జనగామలో ట్రిప్పులకు బండి పెట్టింది. బస్సులు లేవు, జనం ఆటోల వెనక వేలాడుతున్నారు. అయినా పొద్దున మొదటి ట్రిప్పుకు ఆమె బండి ఎవరూ ఎక్కరు. అదే మనుషులు రెండో ట్రిప్పుకు ఎక్కుతారు. పొద్దునపూట మొదట ఆమె ముఖం చూడకూడదు, అంతే. ఎండ ఎక్కాక ఆ అరిష్టం ఎక్కడికి పోతుందో వాళ్లలో ఎవరూ చెప్పలేరు. అక్క కొన్నాళ్లకు ఒక ఉపాయం పట్టింది. పొద్దున్నే ఖాళీ బండి రఘునాథపల్లి దాకా నడిపి తిరిగి వచ్చేది. వచ్చి, "అయింది, మొదటి ట్రిప్పు అయింది, రాండ్రి!" అని కేకేసేది. నవ్వుకుంటూ ఎక్కేవాళ్లు. నవ్వు ఎవరి మీదనో వాళ్లకు తట్టేది కాదు. రోజూ గాలిని ఎక్కించుకుని డీజిల్ కాల్చడం ఆమెకే చెల్లింది.

కానీ సమ్మె అయిపోయి బస్సులు వచ్చాయి. బండికి అసలు బతుకు పెళ్లిళ్ల కిరాయిలు. పెళ్లికి ఎవరు పిలుస్తారు? బండి కావాలని వచ్చినవాళ్లు డ్రైవరును మార్చమనేవాళ్లు. నేను వ్యాసాలు రాశాను. పత్రికలు వేసుకున్నాయి. మా కాలేజీలో చదివి మెచ్చుకున్న తోటి లెక్చరర్ తన చెల్లెలి పెళ్లికి బండి అడిగి, "డ్రైవర్ వేరే ఉంటడు గదా సార్?" అన్నాడు. ఒకనాడు అక్క సామాను బండిలో వేసుకుని భూపాలపల్లి పోయింది. అక్కడ గది తీసుకుని, డ్యూటీలకు పనివాళ్లను తిప్పడం మొదలుపెట్టింది.

రాష్ట్రం వచ్చింది. మా ఊళ్లో రంగులు చల్లుకున్నారు. నేను కూడా చల్లుకున్నాను, ఆ సంతోషం అబద్ధం కాదు. కొన్ని నెలలయ్యాక కన్వీనర్‌ను కలవడానికి పోయాను. అప్పటికి అతనికి ఒక పదవి, కొత్త తెల్లటి పెద్దబండి వచ్చాయి. బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

"వచ్చినంక మాట్లాడుకుందామన్నవు," అన్నాను.

అతనికి నిజంగానే గుర్తు రాలేదు. గుర్తు చేశాను.

"ఓ, గదా! ఇంక గా ముచ్చట పట్టుకొనే ఉన్నవా? అక్క మంచిగున్నదా? ఏదన్న లోన్ కావాల్నంటె చెప్పు, రాయిస్త."

ఆ వారమే భూపాలపల్లి పోయాను. ఆమెను తిరిగి తీసుకురావాలని నా మనసులో ఉంది. మన ఊళ్లో మన ముఖాన ఉమ్మినవాళ్ల ముందే బతికి చూపించాలి, అదే వాదం అన్నది నా పట్టు. డ్యూటీ మారే చోట బండి దొరికింది. రంగు వెలిసింది. డ్రైవరు సీట్లో అక్క. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, మెడలో నల్లపూసలు, కాళ్లకు మెట్టెలు.

 ఆమే మొదలుపెట్టింది.

"ఏం, గుర్తుపట్టలేవా?"

"ఎందుకక్కా గివన్ని?"

"ఈడ ఎవలకు నేను తెల్వది. మొదటి రోజు మామూలుగనే వచ్చిన. ఒకడు ఎక్కి, నా మెడ దిక్కు చూసి దిగిండు. చీకట్ల బొగ్గు బావిలకు దిగెటోళ్లు తమ్మీ, ప్రాణభయం. తెల్లారి బొట్టు పెట్టుకొని వచ్చిన. బండి నిండింది."

"అంటె ఆళ్లు గెలిచిండ్రు."

"ఎవలు గెలిచిండ్రో నాకెందుకు? నా మొగుడు దుబాయిల ఉన్నడని చెప్పిన. మొన్న ఒకాయన బిడ్డ పరీక్షకు పోతుంటె నన్ను ఎదురు రమ్మని బతిమాలిండు. పోయిన. గా పిల్ల పాసయింది."

"ఎదురొచ్చినందుకే పాసయిందా?"

"నువ్వు చెప్పు. నువ్వే గద సదువుకున్నోనివి."

నా దగ్గర జవాబు ఉంది. ఆ పిల్ల చదివింది కాబట్టి పాసయింది. ఎదురొచ్చింది ముత్తైదువ కాదు, కాబట్టి ఆ నమ్మకం తప్పని ఇంతకంటే రుజువు లేదు. కానీ ఆ రుజువు బయట పెడితే పోయేది నమ్మకం కాదు, అక్క కిరాయి. నా జీవితంలో అంత గట్టి రుజువు నాకు ఇంకెప్పుడూ దొరకలేదు. దాన్ని వాడుకోవడానికి నాకు హక్కు లేదు. ఇప్పుడు రాస్తున్నానంటే, ఆమె బండి అమ్మేసి నడపడం మానేసి చాలా కాలమైంది కాబట్టి, రాసుకో పో అంది కాబట్టి.

"ఇంటికి రా అక్కా," అన్నాను. "రాష్ట్రం వచ్చింది."

"వచ్చిందట. ఈడ పటాకులు కాల్చిండ్రు," అంది. "ఆడికొస్తె మళ్ల పొద్దుగాల ఖాళీ బండి తిప్పాల్నా? నీ వాదం కొరకు నేను ముండరాలిగ కూసోవాల్నా తమ్మీ? నీకు కోపముంటె నువ్వు నడుపు బండి."

నాకు నడపడం రాదు. అన్ని రోజులు ఆ బండి కింద పడుకుని కూడా నేను నేర్చుకోలేదు.

అప్పుడే సైరన్ మోగింది. నల్లటి ముఖాలతో పనివాళ్లు గుంపుగా వస్తున్నారు. అక్క అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది.

"దిగు. ముందు సీట్ల ఇద్దరు కూసుంటరు."

దిగాను. ఇద్దరు ఎక్కి, "నమస్తే అక్కా" అని నవ్వుతూ తలుపు వేసుకున్నారు. అక్క ఒక్క చేత్తో స్టీరింగు తిప్పి బండిని రోడ్డు మీదికి తీసింది. నేను బస్టాండు దాకా నడిచాను. జనగామ పోయే బస్సు ఎప్పుడని అడిగితే, వరంగల్‌లో మారాలన్నారు.